కాస్ట్‌కో కార్డు ఇప్పుడే తీసుకోవాలా?

"ఫ్రిస్కోకి వచ్చి మూడు వారాలైంది అక్కా. ముందు కాస్ట్‌కో కార్డు తీసుకోమని అందరూ ఒకటే పోరు. తీసుకోమంటారా?" అని మొన్న మా టెక్సాస్‌కి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి అడిగింది. కాస్ట్‌కో అంటే అన్నీ పెద్ద పెద్ద ప్యాకెట్లలో అమ్మే గోడౌన్ లాంటి స్టోర్, డబ్బు కట్టి మెంబర్‌షిప్ కార్డు తీసుకుంటేనే అక్కడ కొనగలం. తీసుకో, కానీ ఇప్పుడే కాదు అన్నాను. ఎందుకో మీకూ చెబుతాను, ఎందుకంటే ఈ ప్రశ్న నాకు నెలకొకసారి వస్తూనే ఉంటుంది.

మేం వచ్చిన కొత్తలో ఇద్దరమే, సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంటు. అలాంటి గోడౌన్ స్టోర్ ఒకదానికి వెళ్ళి, డాలరును రూపాయల్లోకి మార్చుకుంటూ, చవకగా కనిపించిందల్లా తోపుడు బండిలో వేశాం. తలగడంత పాలకూర డబ్బా, పది పౌండ్ల ఉల్లిపాయలు, రెండు గ్యాలన్ల పాలు. పది పౌండ్లంటే నాలుగున్నర కిలోలు, రెండు గ్యాలన్లంటే ఏడున్నర లీటర్లు. ఆ లెక్క అప్పుడు బుర్రకెక్కలేదు. నాలుగు రోజులు తిరిగేసరికి పాలకూర డబ్బా అడుగున పచ్చటి పసరైంది. ఉల్లిపాయలకి మొలకలొచ్చాయి. "పెరడు లేదన్న బెంగ తీరింది" అన్నారు మావారు. పారేసింది కూడా లెక్కేస్తే ఆ నెల చవక మాకు బాగా ఖరీదైంది.

వాల్‌మార్ట్ బోర్డు ప్రతి ఊళ్ళోనూ కనబడుతుంది కాబట్టి అమెరికా అంతా ఒకేచోట కొంటుందనుకుంటాం. కాదు. ఇక్కడివాళ్ళకి వాళ్ళ ప్రాంతపు స్టోర్ మీద ఉండే అభిమానం మన హీరోల అభిమానులకి ఏమీ తీసిపోదు. మసాచుసెట్స్ వైపు మార్కెట్ బాస్కెట్ అని ఒక కిరాణా కంపెనీ ఉంది. 2014లో యజమానుల కుటుంబ గొడవలో సీఈఓని తీసేస్తే, ఆయన్ని వెనక్కి తెమ్మని ఉద్యోగులు రోడ్డెక్కారు. కొనేవాళ్ళు కూడా వెళ్ళడం మానేసి, వేరే చోట కొన్న బిల్లులు తెచ్చి ఆ స్టోర్ అద్దాలకి అంటించారు! చివరికి ఆయన్ని తీసుకురాక తప్పలేదు. మా టెక్సాస్‌లో హెచ్‌ఈబీ. 1905లో కెర్‌విల్‌లో చిన్న కిరాణా కొట్టుగా మొదలైంది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో లియాండర్ స్టోర్‌లో కరెంటు పోతే, లైనులో ఉన్నవాళ్ళని డబ్బు కట్టకుండానే సరుకులతో ఇళ్ళకి పంపారు. 2022 సెప్టెంబరులో ఫ్రిస్కోలో తెరిచినప్పుడు జనం ముందురోజే కుర్చీలు తెచ్చుకుని లైను కట్టారు. కిరాణా షాపుకి!

మనకేంటి లాభం అంటారా? ప్రాంతపు స్టోర్ ఆ ప్రాంతం వంటని బట్టి సరుకు పెడుతుంది. టెక్సాస్‌లో మెక్సికన్ వంట ఎక్కువ, అది మనకి కలిసొచ్చింది. కొత్తిమీర కట్టలు తాజాగా, చవకగా దొరుకుతాయి. పచ్చడికి హాలపేనో కొనకండి, కండే తప్ప కారం ఉండదు. సన్నగా ఉండే సెరానో తీసుకోండి. పులిహోరకి ఆకుపచ్చగా ఉండే లైమ్ వాడండి, పసుపు రంగు లెమన్ కంటే మన నిమ్మకాయ రుచికి అదే దగ్గర. చయోటే అని రాసి ఉన్నది మన బెంగళూరు వంకాయే. పప్పులో వేస్తే ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది.

శాకాహారులకి ఒక్క మాట. టోర్టిల్లాలు (మెక్సికన్ చపాతీలు), డబ్బాలో వచ్చే బీన్స్ కొనేముందు వెనక చిన్న అక్షరాలు చదవండి. లార్డ్ అని ఉంటే పంది కొవ్వు. నేను రెండేళ్ళు చదవలేదు. ఆ సంగతి మా అత్తగారికి ఇప్పటికీ చెప్పలేదు.

కందిపప్పు, సోనా మసూరి, గోంగూర, కరివేపాకు ఎలాగూ ఇండియన్ స్టోర్‌లోనే. దాని గురించి నేను చెప్పేదేం లేదు, మీరొచ్చిన మర్నాడే వెళ్ళుంటారు.

మరి కాస్ట్‌కో ఎప్పుడు? పిల్లలు పుట్టాకో, అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉన్నప్పుడో. బాదం, జీడిపప్పు, నూనె, పేపర్ టవల్స్, డైపర్లు, కారుకి గ్యాస్ (అంటే పెట్రోలు)... ఇలా పాడవనివీ రోజూ ఖర్చయ్యేవీ అక్కడ కొనండి. మామూలు మెంబర్‌షిప్ ఏడాదికి 65 డాలర్లు, ఒకే ఇంట్లో ఉండే రెండోవాళ్ళకి ఇంకో కార్డు అందులోనే వస్తుంది. క్రెడిట్ కార్డైతే వీసా ఒక్కటే తీసుకుంటారు, బిల్లు దగ్గరికెళ్ళాక టెన్షన్ పడకండి. ఎక్కడ కొన్నా, అరమీద ధర కింద ఔన్సుకి ఎంతో చిన్నగా రాసి ఉంటే అదే చూడండి. పెద్ద ప్యాకెట్టే చవక అన్న నమ్మకం చాలాసార్లు అక్కడే పోతుంది.

రేపు ఉద్యోగం మారి ఇంకో రాష్ట్రం వెళ్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఫ్లోరిడాలో పబ్లిక్స్, రోచెస్టర్ వైపు వెగ్‌మన్స్, మిషిగన్‌లో మైయర్. వాట్సాప్ గ్రూపులో అడిగే ముందు పక్కింటి అమెరికన్ పెద్దావిడని అడగండి, అరగంట తక్కువ కాకుండా చెబుతుంది. ఆల్డీ అనే స్టోర్‌కి పంపిస్తే మాత్రం జేబులో ఒక క్వార్టర్ నాణెం పెట్టుకెళ్ళండి. అది వేస్తేగానీ బండి గొలుసు ఊడదు, బండి తిరిగి పెట్టాక మీ పాతిక సెంట్లు మీకే వస్తాయి.