తల్లిది ఏ, తండ్రిది బీ అయితే బిడ్డకు ‘ఓ’ రక్తవర్గం ఎలా వస్తుంది?

తిరుపతిలో బిడ్డకు రక్తపరీక్ష చేయిస్తే ‘ఓ’ వర్గమని తేలిందనీ, తల్లిది ఏ, తండ్రిది బీ కావడంతో ఇంట్లో అనుమానాలు మొదలయ్యాయనీ రాశారు. దయచేసి ఆ అనుమానాలను పక్కన పెట్టండి. ఈ ఫలితం పూర్తిగా సహజమైనది.

మన కణాల్లో 23 జతల క్రోమోజోములుంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లి నుంచి, మరొకటి తండ్రి నుంచి వస్తుంది. రక్తవర్గాన్ని నిర్ణయించే జన్యువు 9వ క్రోమోజోముపై ఉంది కనుక, ప్రతి మనిషిలోనూ దానికి రెండు ప్రతులు ఉంటాయి. ‘ఏ’ రూపంలోని జన్యువు ఎర్ర రక్తకణాల ఉపరితలంపై ఒక రకం చక్కెరను అతికించే ఎంజైమును, బీ రూపం మరో రకాన్ని అతికించే ఎంజైమును తయారు చేయిస్తాయి. ‘ఓ’ రూపం నుంచి పనిచేసే ఎంజైము రాదు. అందువల్ల ఒక ప్రతి ఏ, రెండోది ఓ అయిన తల్లి పరీక్షలో ఏ వర్గంగానే కనబడుతుంది. తండ్రి విషయమూ అంతే. అండంలోకి గానీ వీర్యకణంలోకి గానీ ప్రతి జతలో ఒక్క క్రోమోజోమే చేరుతుంది కాబట్టి, ఇలాంటి దంపతులకు ఇద్దరి నుంచీ ‘ఓ’ రూపమే బిడ్డకు అందే అవకాశం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకటి.

అన్ని లక్షణాలూ ఇలా ఒక్క జన్యువుతో తేలవు. పశువుల ఎత్తును అనేక జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి కనుక, మన చిత్తూరు సీమ పుంగనూరు ఆవును ఎత్తైన జాతితో దాటిస్తే దూడ ఎత్తు సాధారణంగా ఆ రెండింటి నడుమ ఉంటుంది.