టెక్ సందేహాలు: అసలు బొమ్మ ఎవరి దగ్గరుంది?

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే బొమ్మలేసేవాళ్ళవే ఎక్కువున్నాయి. కాగితం మీద గీసి, ఫోన్‌తో ఫొటో తీసి, ట్యాబ్‌లో రంగులు దిద్ది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ప్రెస్సుకి పరుగెత్తేవాళ్ళు. గోడు మాత్రం అందరిదీ ఒకటే: నేను వేసింది ఒకటి, బయటికొచ్చింది ఇంకొకటి. మిగతా ప్రశ్నలు వచ్చేసారి చూద్దాం.

ప్రశ్న: పాతికేళ్ళుగా పత్రికలకి కథల బొమ్మలు వేస్తున్నాను. పాళీతో ఇండియన్ ఇంకు, పైన వాటర్‌కలర్ వాష్. ఫోన్‌తో తీసి పంపితే లేత పసుపు, లేత నీలం అసలు కనబడటం లేదట. కొత్త ఫోన్ కొనాలా? మా అబ్బాయి ట్యాబ్ కొనిస్తానంటున్నాడు. ఎన్ని ప్రెజర్ లెవల్స్ ఉన్నది తీసుకోవాలి? (ఒక చిత్రకారిణి, సత్యనారాయణపురం, విజయవాడ)

కొత్త ఫోన్ వద్దండి. మీ ఫోన్‌కి చూపు తక్కువై కాదు, తెలివి ఎక్కువై వచ్చిన చిక్కు ఇది. ఇప్పటి ఫోన్లు ఉన్నది ఉన్నట్టు తీయవు. తెల్లకాగితం మీద పలచటి పసుపు కనబడితే బల్బు వెలుతురు కాబోలనుకుని తుడిచేస్తాయి. లేత నీలాన్ని నీడ కింద జమకడతాయి. అడక్కుండానే అంచులకి పదును పెడతాయి, అందుకే మీ పాళీ గీత పక్కన సన్నటి తెల్ల చార వస్తుంది. డాక్యుమెంట్ స్కాన్ మోడ్‌లో గనక తీస్తుంటే ముందు అది మానెయ్యండి. అది కరెంటు బిల్లుల కోసం చేసింది. దాని దృష్టిలో నల్ల అక్షరం తప్ప మిగతాదంతా మరకే.

కెమెరాలో ప్రో మోడ్‌కి వెళ్ళి వైట్ బ్యాలెన్స్‌ని (ఏది తెలుపో కెమెరా లెక్కగట్టే సెట్టింగు) ఆటోలోంచి తప్పించండి. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, పొద్దున్నపూట, బొమ్మని గోడకి ఆనించి కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీయండి. మరీ దగ్గరికెళ్తే నలుచదరపు బొమ్మకి పొట్ట వస్తుంది. బొమ్మ పక్కన అదే కాగితం ముక్క, రంగు వెయ్యనిది, ఒకటి పెట్టండి. అవతల రంగు సరిచేసేవాళ్ళకి అదే కొలబద్ద. వాట్సాప్‌లో ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపండి.

స్కానర్ కొనే ఆలోచన ఉంటే ఒక మాట. పలకలా సన్నగా ఉండి యూఎస్‌బీ వైరు మీదే నడిచేవాటిలో సాధారణంగా సీఐఎస్ సెన్సార్ ఉంటుంది. అద్దానికి అతుక్కున్నదే దానికి స్పష్టంగా కనబడుతుంది. వాటర్‌కలర్ కాగితం తడికి కొంచెం వంగిందా, ఆ మేర మసక. మీకు కావలసింది కాస్త లావుగా, బరువుగా ఉండే సీసీడీ రకం.

ఇక ప్రెజర్ లెవల్స్, అంటే పెన్ను ఎంత గట్టిగా నొక్కారో ట్యాబ్ గుర్తుపట్టే మెట్లు. అట్టపెట్టె మీద 4096 అని ఒకడు, 8192 అని ఇంకొకడు అచ్చేస్తాడు. ఆ తేడా మీ చేతికి తెలియదు, నా చేతికీ తెలియదు. తెలిసేది ఏమిటంటే, ఎంత తేలిగ్గా ఆనిస్తే గీత మొదలవుతుంది, పెన్ను వెనకాల గీత ఎంత ఆలస్యంగా వస్తుంది అన్నది. షాపులో స్కేలు పెట్టి ఏటవాలుగా, నెమ్మదిగా ఒక గీత గీయండి. నాసిరకం ట్యాబ్‌లో అది పాము నడకలా వస్తుంది. తర్వాత నాలుగు 'ళ'లు, నాలుగు 'ఱ'లు రాయండి. షాపు కుర్రాడు విచిత్రంగా చూస్తాడు, చూడనివ్వండి. ర్యామ్ తక్కువైతే లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచే బొమ్మ పొరలు) కొన్ని దాటగానే ఆపెయ్యొచ్చు, అది కూడా అడగండి. ట్యాబ్ వచ్చిందని పాళీ మాత్రం అటకెక్కించకండి. కాగితం మీద ఉన్న బొమ్మకి పాస్‌వర్డ్ అక్కర్లేదు.

ప్రశ్న: ఇంట్లో చేసిన శుభలేఖ ప్రెస్సులో తెరిస్తే తెలుగంతా ఇంగ్లిష్ అక్షరాల చెత్త అయిపోతోంది. పోనీ ఫోన్‌లో టైప్ చేసింది తెచ్చి అతికిస్తే ఒత్తులు ఊడి పక్కన పడుతున్నాయి. (డీటీపీ డిజైనర్, అరండల్‌పేట, గుంటూరు)

రెండూ వేర్వేరు జబ్బులు. పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు లేదు. కంప్యూటర్ లెక్కలో అవి ఇంగ్లిష్ అక్షరాలే, పైకి తెలుగు వేషం వేసుకున్నాయంతే. ప్రెస్సులో ఆ ఫాంటు లేకపోతే వేషం ఊడిపోతుంది. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్ 1991లోనే తెలుగుకి 128 గళ్ళు విడిగా కేటాయించింది. మన శుభలేఖలు ఇంకా ఆ వేషాల మీదే నడుస్తున్నాయి. పంపేముందు అక్షరాల్ని కర్వ్స్ చేసి, అంటే ఫాంటుతో పని లేని గీతల బొమ్మలుగా మార్చి పంపండి. కర్వ్స్ చెయ్యని ఫైల్ మాత్రం మీ దగ్గర దాచుకోండి. అచ్చుకి వెళ్ళే రోజు సాయంత్రం పెళ్ళికొడుకు మేనమామ ఫోన్ చేసి ఇంటిపేరులో దీర్ఘం పోయిందంటాడు, అప్పుడు కర్వ్స్ మీద దీర్ఘం పెట్టలేరు.

రెండోది మీ సాఫ్ట్‌వేర్ జబ్బు. హల్లునీ ఒత్తునీ కలిపి కూర్చే పని దానికి వచ్చు, కానీ డిఫాల్ట్‌గా ఆపి ఉంచుతుంది. ప్రిఫరెన్సుల్లో టైప్ దగ్గర సౌత్ ఏషియన్ అనో వరల్డ్ రెడీ అనో ఉంటే ఎంచుకోండి. తెలుగు సరిగ్గా రాయడం కూడా వెతుక్కుని టిక్కు పెట్టుకోవాల్సిన ఆప్షనా అని నాకు ఎప్పుడూ ఒళ్ళు మండుతుంది. విసుగొస్తే ఇంక్‌స్కేప్ ఉచితం, అందులో ఒత్తులు ఊడవు. రామభద్ర, ధూర్జటి, మల్లన్న, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లూ ఉచితమే.

ప్రశ్న: పోర్ట్రెయిట్లు వేస్తాను. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకరు 12 బొమ్మలు కావాలని, మంచి రేటు చెప్పి, రిఫరెన్స్ ఫొటోలని జిప్ ఫైల్, దానికి పాస్‌వర్డ్ పంపారు. లాప్‌టాప్‌లో తెరిస్తే ఏమీ రాలేదు. రెండోరోజుకి అకౌంట్, మెయిల్ రెండూ పోయాయి. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. టూ స్టెప్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ అడిగే ఏర్పాటు) కూడా పెట్టుకున్నాను. మరి ఎలా పోయాయి సార్? (ఒక ఆర్టిస్ట్, బ్రాడీపేట, గుంటూరు)

ఈ ఒక్క ప్రశ్న కోసం మిగతావన్నీ పక్కన పెట్టమన్నా పెడతాను. ఇదే తీరు, ఇవే మాటలు, బొమ్మలేసేవాళ్ళకి తరచూ వస్తుంటాయి. ఎందుకంటే ముక్కూమొహం తెలియనివాళ్ళు పంపిన ఫైల్ తెరవడం మీ వృత్తిలో రోజువారీ పని. దొంగకి ఆ సంగతి తెలుసు.

ఏం జరిగి ఉంటుందో చెబుతాను. జిప్‌కి పాస్‌వర్డ్ పెట్టింది మీ ఫొటోలు భద్రంగా ఉండాలని కాదు, యాంటీవైరస్ లోపలికి తొంగిచూడకూడదని. లోపల నాలుగు నిజం ఫొటోలుంటాయి. ఐదోదానికి గుర్తు ఫొటోలాగే ఉంటుంది, పేరు చివర మాత్రం ఎస్‌సీఆర్ అని ఉంటుంది. అది స్క్రీన్‌సేవర్ రకం ఫైల్, అంటే నొక్కితే నడిచే ప్రోగ్రామే. కానీ విండోస్ ఫైల్ పేరు చివరి మూడక్షరాలు మీకు చూపించదు. ఎవరి సుఖం కోసం దాచిపెట్టారో ఇన్నేళ్ళయినా నాకు అర్థం కాలేదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్ళి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ దగ్గర ఈరోజే టిక్కు పెట్టండి. ఈ కాలమ్‌లో ఇంకేం చదవకపోయినా ఆ ఒక్కటి చెయ్యండి.

మీరు నొక్కారు, ఏమీ రాలేదు అనుకున్నారు. వచ్చింది. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, కుకీలు కొన్ని సెకన్లలో ఊడ్చుకుని పోయింది. సినిమాహాల్లో ఇంటర్వెల్‌కి బయటికొస్తే చేతిలో పెట్టే పాస్ లాంటిది ఈ కుకీ. అది చూపిస్తే గేటు దగ్గర మళ్ళీ టికెట్ అడగరు. మీరు అప్పటికే లాగిన్ అయి ఉన్నారు కదా, వాడు మీ పాస్ పట్టుకుని లోపలికెళ్ళాడు. ఓటీపీ అడిగే సందర్భమే రాలేదు. టూ స్టెప్ ముందు తలుపుకి తాళం. వాడు వచ్చింది మీతోపాటే.

ఇప్పుడు చెయ్యాల్సింది, ఈ వరసలోనే. ఆ లాప్‌టాప్‌కి నెట్ తీసెయ్యండి. దాంట్లోంచి పాస్‌వర్డ్‌లు మార్చకండి, మార్చిందీ వాడికే వెళ్ళొచ్చు. వేరే శుభ్రమైన ఫోన్‌లోంచి ముందు మెయిల్ రాబట్టుకోండి. అన్ని డివైస్‌ల నుంచీ లాగౌట్ కొట్టండి, అప్పుడే వాడి చేతిలో పాస్ చెల్లకుండా పోతుంది. రికవరీ నంబరు, రికవరీ మెయిల్ వాడివి పెట్టాడేమో చూడండి. తర్వాతే ఇన్‌స్టాగ్రామ్. లాప్‌టాప్‌లో బొమ్మల ఫైళ్ళు మాత్రం బయటికి తీసి, విండోస్ మొత్తం మళ్ళీ వేయించండి. 'స్కాన్ చేశాను, క్లీన్ అని వచ్చింది' అంటే నేను నమ్మను, మీరూ నమ్మకండి. డబ్బు కూడా పోయి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

ఇదే కుటుంబానికి చెందింది ఇంకోటుంది, దొంగ సాఫ్ట్‌వేర్. 'తెలిసిన కుర్రాడు ఫుల్ వెర్షన్ వేసిచ్చాడు, వేసేటప్పుడు యాంటీవైరస్ ఆపేశాడు' అని ఎంత మామూలుగా చెబుతారో! ఇంటికి కొత్త తలుపు పెట్టడానికొచ్చినవాడు కాసేపు కుక్కని కట్టెయ్యమంటే మీరు అనుమానించరూ? నెలనెలా కట్టే చందా ఒక బొమ్మకి వచ్చే పారితోషికాన్ని మింగేస్తుందని నాకూ తెలుసు. కట్టలేకపోతే క్రిటా వాడండి. అది పెయింటింగ్ కోసమే చేసింది, ఉచితం, ప్రెస్సు అడిగే సీఎంవైకేలో (అచ్చు సిరాల నాలుగు రంగుల పద్ధతి) కూడా పని చేస్తుంది. దొంగ సాఫ్ట్‌వేర్‌తో వేసిన బొమ్మ మీదే కావచ్చు, వేసిన కంప్యూటర్ మీది కాదు.

ఫ్లెక్సీ షాపు పెన్‌డ్రైవ్ సంగతీ చెప్పెయ్యాలి. గవర్నర్‌పేటలో ఒక షాపులో అరగంట కూర్చున్నాను. ఉన్నది ఒకే కంప్యూటర్. వచ్చినవాళ్ళ పెన్‌డ్రైవ్‌లన్నీ దానికే గుచ్చుతున్నారు, ఎజెక్ట్ అన్న మాటే లేదు, చేత్తో పీకడమే. నాది ఇంటికి తెచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి. మీకూ అలా జరిగితే కంగారుపడి వాటిని నొక్కకండి. అసలు ఫోల్డర్లు ఎక్కడికీ పోలేదు, వైరస్ వాటిని దాచిపెట్టి పైన తన షార్ట్‌కట్‌లు పెట్టింది. హిడెన్ ఫైళ్ళు చూపించమంటే సాధారణంగా బయటపడతాయి. షాపుకి వెళ్ళే పెన్‌డ్రైవ్‌లో ఆరోజు అచ్చుకిచ్చే ఫైల్ ఒక్కటే ఉండాలి, ఆ పెన్‌డ్రైవ్ ఇంటికొచ్చాక ఫార్మాట్ కావాలి.

ప్రశ్న: 10 బై 6 అడుగుల ఫ్లెక్సీకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) పెడితే నా కంప్యూటర్ బిగుసుకుపోతోంది. (ఆర్టిస్ట్, విజయవాడ)

బిగుసుకోక ఏం చేస్తుంది పాపం. 300 చేతిలో పట్టుకుని చూసే పుస్తకానికి. రోడ్డు అవతలి నుంచి చూసే ఫ్లెక్సీకి 72 చాలు. అప్పుడు 8640 బై 5184 పిక్సెళ్ళు వస్తాయి, అదే చాలా పెద్ద ఫైలు. స్క్రీన్ మీద మెరిసే చిలకపచ్చ అచ్చులో వాడిపోతుంది. అడుగు ముక్క ఒకటి ముందు కొట్టించి చూసుకోండి.

ప్రశ్న: మా పొణికి చెక్క బొమ్మల్ని ఫొటో తీస్తే రంగు మెరిసి మొహం కనబడటం లేదు. ఫొటోని బట్టి మా ఇల్లెక్కడో కూడా తెలిసిపోతుందంటున్నారు, నిజమేనా? (బొమ్మల తయారీదారు, కొండపల్లి)

ఫ్లాష్ ఆపి, కిటికీకీ బొమ్మకీ మధ్య ఉతికిన తెల్ల పంచె ఒకటి కట్టండి, మెరుపు పోతుంది. రెండోది నిజమే. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు ఫొటోలోనే నమోదవుతుంది. వాట్సాప్ మామూలు ఫొటోలోంచి ఆ వివరం తీసేస్తుంది. డాక్యుమెంట్‌లా పంపితే మాత్రం వివరంతో సహా వెళ్తుంది. కాబట్టి సత్యనారాయణపురం అమ్మగారూ, పైన మీకు చెప్పిన చిట్కాకి ఇది కూడా కలుపుకోండి, ముందు లొకేషన్ ఆఫ్ చెయ్యండి.

ప్రశ్న: బుడమేరు నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు అటక మీద ఉండబట్టి నా పాత పెన్ టాబ్లెట్ దక్కింది. మొన్న కంప్యూటర్ అప్‌డేట్ అయ్యాక ప్రెజర్ పోయింది. గట్టిగా నొక్కినా తేలిగ్గా ఆనించినా ఒకటే లావు గీత. కొత్తది కొనమంటున్నారు. (ఒక చిత్రకారుడు, సింగ్ నగర్, విజయవాడ)

2024 సెప్టెంబరులో అంత వరద తట్టుకున్న వస్తువు ఒక అప్‌డేట్‌కి చచ్చిపోయింది! గుర్రపువెంట్రుకల కుంచె కడిగి ఆరబెట్టుకుంటే ఏళ్ళు పనిచేస్తుంది, పొద్దున్న లేచేసరికి 'ఈ కాగితం మీద నేను పనిచెయ్యను' అనదు. పెన్ టాబ్లెట్లో ముఖ్యంగా అరిగేది ప్లాస్టిక్ ముల్లు, మిగతాది చాలావరకు బాగానే ఉంటుంది. కానీ తయారుచేసినవాడు డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్) రాయడం మానేస్తాడు, అంతటితో దాని ఆయుష్షు తీరిందంటాడు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, అక్కడే ఉంటే రక్షణ తక్కువ. విండోస్ 11కి వెళ్తే పాత పరికరం పలక్కపోవచ్చు. కొన్ని యాప్‌లు ఇంకో మెట్టెక్కాయి: ఈ నెల చందా కట్టకపోతే పోయిన నెల మీరే వేసిన బొమ్మని దిద్దనివ్వవు. అచ్చుకి వెళ్ళిన ప్రతి బొమ్మకీ లేయర్లున్న ఫైల్‌తోపాటు ఒక టిఫ్ (చాలా యాప్‌లలో తెరుచుకునే బొమ్మ ఫైల్) కాపీ కూడా దాచమని అందుకే పోరుతుంటాను. ఒకటి కంప్యూటర్లో, ఒకటి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి ఊరవతల చుట్టాలింట్లోనో క్లౌడ్‌లోనో. మీ పేట వాళ్ళకి కింది అరలో హార్డ్‌డిస్క్ పెట్టొద్దని నేను చెప్పక్కర్లేదు.

మీ టాబ్లెట్ సంగతికొస్తే, కొత్తది ఇప్పుడే కొనకండి. ముందు డ్రైవర్ పూర్తిగా తీసేసి, మీ మోడల్‌కి పనిచేసిన పాత వెర్షన్ తయారీదారు సైట్‌లోంచే తెచ్చి వెయ్యండి. తర్వాత డ్రైవర్ సెట్టింగుల్లో విండోస్ ఇంక్ అనే టిక్కు ఉంటే తీసి చూడండి, తీసే ఉంటే పెట్టి చూడండి. చాలామందికి అక్కడే ప్రెజర్ తిరిగొస్తుంది. రాకపోతే మూలనపడ్డ లాప్‌టాప్ ఏదైనా ఉంటే లైనక్స్ వేయించండి. పాత పెన్ టాబ్లెట్లు చాలావాటికి డ్రైవర్లు అందులోనే ఉంటాయి, క్రిటా కూడా నడుస్తుంది. టాబ్లెట్ తగిలించి పెన్నుతో ఒక గీత గీయండి. సన్నగా మొదలై లావెక్కి మళ్ళీ సన్నబడితే నాకు ఒక ముక్క రాయండి.