విశాఖలో కొత్త కారుకి సిరామిక్ కోటింగ్ వేయిస్తే సరిపోతుందా?

హైదరాబాద్ నుంచి విశాఖ మారామని, అపార్ట్‌మెంట్‌లో కారు ఆరుబయటే పెట్టాల్సి వస్తోందని, సిరామిక్ కోటింగ్ వేయిస్తే ఎండకీ వానకీ ఉప్పు గాలికీ ఇక దిగులుండదా అని అడిగారు. నేను ఎనిమిదేళ్ళుగా సముద్రానికి కిలోమీటరు లోపే ఉంటున్నాను. నాది ముదురు నీలం కారు. ఈ కోటింగ్ అంటే పెయింట్ మీద రాస్తే గట్టిపడి పల్చటి రక్షణ పొరగా నిలిచే ద్రవం. అది వేయించుకోవడం తప్పు కాదు గానీ, దిగులు మాత్రం పోదండి.

మొదటి వేసవిలో నీడ ఉంటుంది కదా అని కారును కానుగ చెట్టు కింద పెట్టేవాణ్ణి. రెండు రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి బానెట్ మీద కాకి రెట్ట ఎండి అట్టకట్టింది. కడిగితే రెట్ట పోయింది, దాని ఆకారం అలాగే ఉండిపోయింది. పెయింటింగ్ చేసే ఆయన అప్పుడు చెప్పాడు. రంగు మీద క్లియర్ కోట్ అని పారదర్శకమైన పొర ఉంటుంది. ఎండకి అది మెత్తబడి కాస్త సాగుతుంది. సాయంత్రం చల్లబడి ముడుచుకునేటప్పుడు ఎండిన రెట్ట చుట్టూ బిగుసుకుంటుంది. చలికాలంలో రోజంతా ఉన్నా పెద్దగా ఏమీ కాని రెట్ట రోహిణి కార్తెలో ఒక్క పూటలో మచ్చ పెట్టేది అందుకే.

ఆ పొర మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా పల్చన. రబ్బింగ్, పాలిష్ అంటే దాన్నే కొద్దిగా అరగదీయడం. మాటిమాటికీ పాలిష్ చేయించి మురిసిపోకండి. డిక్కీలో ఒక నీళ్ళ సీసా, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ పెట్టుకోండి. తడిగుడ్డని రెట్ట మీద ఐదు నిమిషాలు పరిచి, నానాక ఎత్తేయండి. గోటితో గీకొద్దు.

ఆ చెట్టు గొడవ పడలేక వానాకాలంలో చవక ప్లాస్టిక్ కవరు కొన్నాను. అది ఇంకా పెద్ద పొరపాటు. తడి కారు మీద కప్పితే లోపల చెమ్మ ఆరదు. సముద్రపు గాలికి కవరు రాత్రంతా ఊగుతుంటే, కింద చిక్కిన దుమ్ము గరుకు కాగితంలా పని చేస్తుంది. కప్పాలనుకుంటే గాలి ఆడే కవరు కొనండి, కారు కడిగి ఆరాకే కప్పండి.

ఉప్పు గాలి విషయంలో మాత్రం జనం తప్పు చోట టెన్షన్ పడతారు. పెయింట్ బాగున్నంత వరకు ఉప్పు లోపలికి పోదు. రాయి తగిలి రేకు బయటపడిన చోట తుప్పు మొదలవుతుంది. నెలకోసారి చక్రాల పైన వంపులు, డోర్ల కింది అంచులు వేలితో తడిమి చూడండి. పెచ్చు లేచి ఉంటే మీ కారు కలర్ కోడ్‌కి సరిపోయే టచప్ పెయింట్ వెంటనే వేయండి. డోర్ల అడుగున నీళ్ళు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి, వానాకాలం బురదకి అవి పూడిపోతాయి. నా వెనక డోరు లోపలి నుంచి తుప్పు పట్టింది అలాగే.

ఇక కోటింగ్. రెండో ఏడాది వేయించాను. బురద సులువుగా జారిపోతుంది, రెట్ట పడితే తుడవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. రాళ్ళ దెబ్బలకి అది అడ్డు కాదు, దానికి పీపీఎఫ్ (పెయింట్ మీద అతికించే మందపాటి పారదర్శక ఫిల్మ్) వేయించాల్సిందే. బోరు నీళ్ళతో ఎండలో కడిగితే కోటింగ్ ఉన్న కారు మీద కూడా తెల్లటి చుక్కలు పడతాయి. తెల్లారే కడిగి, వెంటనే తుడిచేయండి. చుక్కలు కొత్తవైతే వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి తుడిచి, మంచి నీళ్ళతో కడిగేస్తే పోతాయి. అంత డబ్బు పెట్టలేకపోతే రెండు మూడు నెలలకోసారి వ్యాక్స్ వేసుకున్నా చాలు.

కారు వాచ్‌మన్ కడుగుతుంటే మీ గుడ్డలు మీరే ఇవ్వండి. పది కార్లకీ ఒకే గుడ్డ తిరుగుతుంది, దానికంటిన దుమ్ము గీతలు పెడుతుంది. ఆయన్ని అని లాభం లేదు.

పార్కింగ్ చోటు ఎంచుకునే వీలుంటే బిల్డింగ్‌కి తూర్పు వైపు అడగండి. మధ్యాహ్నం దాటాక గోడ నీడ పడుతుంది, పైన పిట్టలుండవు. మా కమిటీని ఒప్పించడానికి నాకు ఏడాది పట్టింది.