పాత సాఫ్ట్‌వేర్ నుంచి పేషెంట్ల డేటా మార్చేటప్పుడు

డాక్టర్ గారూ, పాత సాఫ్ట్‌వేర్ వాళ్లిచ్చిన సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) కొత్తదాంట్లోకి ఎక్కిస్తే డేట్లు తారుమారయ్యాయి, ఆభా నంబర్లు (పేషెంట్ల ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్ నంబర్లు) పాడయ్యాయి అన్నారు కదా, అది చాలావరకు మధ్యలో ఎక్సెల్ చేసిన పనేనండి. డబుల్ క్లిక్ చేసి తెరిస్తే 14 అంకెల ఆభా నంబర్‌ని 9.1E+13 లాగా చూపిస్తుంది, అలాగే సేవ్ కొడితే మిగతా అంకెలు పోయినట్టే. డేట్లయితే ఇంకా ప్రమాదం, కంప్యూటర్ అమెరికా ఫార్మాట్‌లో ఉంటే 03/04/2023 ని మార్చి 4 అనుకుంటుంది, 25/04/2023 ని మాత్రం ముట్టుకోదు, అందుకే కొన్ని కరెక్టుగానే కనిపిస్తాయి.

పాడైన ఫైలుని బాగుచేస్తూ కూర్చోకండి. ఫ్రెష్‌గా ఎక్స్‌పోర్ట్ తీసుకుని, ఎక్సెల్‌లో డేటా ట్యాబ్ నుంచి ఇంపోర్ట్ చేస్తూ ఆ కాలమ్స్‌ని టెక్స్ట్ అని పెట్టండి, అక్షరాల ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుంటే తెలుగు పేర్లు కూడా చెదరవు.

నాకు అన్నిటికన్నా భయం ఎలర్జీల గురించి. పాతదాంట్లో పెన్సిలిన్ పడదు అని నోట్స్‌లో టైప్ చేసుంటే అది కొత్తదాంట్లో ఎలర్జీ బాక్సులోకి దానంతటది రాదు, మందు రాసేటప్పుడు వార్నింగూ రాదు. ఎలర్జీ ఉన్నవాళ్లవి, వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు), ఇన్సులిన్ వాడేవాళ్లవి రెండు స్క్రీన్లూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ మనిషే చూడాలి, దయచేసి నాలుగు శాంపిల్స్ చూసి వదిలేయొద్దు.

స్కాన్లు, ల్యాబ్ పీడీఎఫ్‌లు సీఎస్‌వీలో రావు, పేషెంట్ ఐడీ ఫైలు పేరులోనే ఉండేలా విడిగా అడిగి తీసుకోండి. ఇదంతా సరిపోయిందని తేలేదాకా పాత లాగిన్ చూడ్డానికైనా ఉంచమని వాళ్లతో రాతపూర్వకంగా ఒప్పించుకోండి.