పసిబిడ్డకు ఒక్కొక్క మాటనూ విడదీసి చెప్పాలా?

మీరు రెండు సంగతులు అడిగారు. పెద్దవాళ్లం ఆపకుండా మాట్లాడుతుంటే ఏడు నెలల పాపకు ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఎలా తెలుస్తుంది, ఒక్కొక్క మాటనూ విడదీసి చెప్పాలా అన్నది మొదటిది. మీ అత్తగారిది అచ్చంగా శ్రీకాకుళం యాస కాబట్టి ఫోనులో "శుభ్రమైన తెలుగు" వీడియోలు చూపడం మేలా అన్నది రెండవది. చీపురుపల్లి దగ్గర ఉమ్మడి కుటుంబంలో ఇద్దరు పిల్లలను పెంచిన తల్లిగా, బడిలో తెలుగు చెప్పే ఉపాధ్యాయినిగా నేను చెప్పగలిగినది ఇది: విడదీయనక్కరలేదు, వీడియోలూ అక్కరలేదు.

అచ్చులో మాటకూ మాటకూ మధ్య ఖాళీ కనిపిస్తుంది కానీ, నోటి మాటలో అది ఉండదు. పైగా మన భాషలో సంధి ఒకటి. మా ఇంట్లో బిడ్డ చెవిన రోజూ పడిన మాటలు ఇలా ఉండేవి: "బువ్వ తినీసావా", "బువ్వ కావాలేటి", "బువ్వ చల్లారిపోనాది". వీటిలో "బు" తరువాత ప్రతిసారీ "వ్వ" వస్తుంది; "వ్వ" తరువాత మాత్రం ఒకసారి "తి", ఒకసారి "కా", ఇంకొకసారి "చ" వస్తాయి. ఏ అక్షరం వెంట ఏది తప్పకుండా వస్తుందో, ఎక్కడ ఆ వరుస చెదురుతుందో పసిబిడ్డ చెవి గమనిస్తూనే ఉంటుంది. వరుస చెదిరిన చోటే మాట ముగిసి ఉండవచ్చు.

ఇది కేవలం ఊహ కాదు. 1996లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో జెన్నీ సాఫ్రాన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలీసా న్యూపోర్ట్ ఎనిమిది నెలల పిల్లలకు "బిడాకు", "పాడోటి" వంటి అర్థంలేని నాలుగు మాటలను, ఎక్కడా విరామం గానీ ఊనిక గానీ లేకుండా కలిపి, కేవలం రెండు నిమిషాలు వినిపించారు. మాట లోపల ఒక అక్షరం తరువాత రెండవది తప్పకుండా వస్తుంది. మాట ముగిశాక వచ్చేది మూడింటిలో ఏదైనా కావచ్చు. పిల్లలకు ఉన్న ఆధారం అదొక్కటే. అయినా తరువాత పరీక్షించినప్పుడు, ఒక మాట తోకనూ మరొక మాట తలనూ అతికించిన కూర్పులు వారికి కొత్తగా తోచాయి. వాటిని ఎక్కువసేపు విన్నారు. రెండు నిమిషాలకే అంత పట్టుకోగలిగిన చెవికి మన ఇళ్లలో రోజంతా సాగే మాటల్లో ఎంత దొరుకుతుందో ఆలోచించండి.

అయితే ఈ లెక్క ఒక్కటే చాలదన్నది కూడా తేలింది. పై ప్రయోగంలో మాటలన్నీ మూడేసి అక్షరాలవి. 2010లో ఎలిజబెత్ జాన్సన్, మైఖేల్ టైలర్ పొడవు మాటలనూ పొట్టి మాటలనూ కలిపి వినిపిస్తే పిల్లలు వాటిని వేరు చేయలేకపోయారు. నిజమైన మాటలు అన్నీ ఒకే పొడవున ఉండవు. అదీగాక "బువ్వేదమ్మా" అన్నప్పుడు "వ్వ" కాస్తా "వ్వే" అయి, మాట చివరే మారిపోతుంది. అక్కడ బిడ్డకు సాయపడేది మనం పసివాళ్లతో మాట్లాడేటప్పుడు తెలియకుండానే తీసే రాగం, చేసే సాగదీత, వాక్యం చివర ఆగడం. వాక్యం అంచున పడిన మాట నడుమ చిక్కుకున్న మాటకంటే సులువుగా చెవికి చిక్కుతుందని కూడా పరిశోధనల్లో తేలింది. "బువ్వ ఏదమ్మా? ఇదిగో బువ్వ!" అని మన పెద్దవాళ్లు తిప్పి తిప్పి అనడాన్ని నేను ఎంతో విలువైన పనిగా భావిస్తాను.

పేరు మరో ఆధారం. నాలుగున్నర నెలలకే పిల్లలు తమ పేరు వినబడితే గుర్తుపడతారు. పరిచితమైన ఆ పేరు వెంటనే వచ్చే కొత్త మాటను ఆరు నెలల పిల్లలు పట్టుకోగలరని హీథర్ బోర్ట్‌ఫెల్డ్ బృందం 2005లో చూపించింది. కాబట్టి పాపను పేరు పెట్టి పిలుస్తూ మాట్లాడండి.

పిల్లలు కొన్నిసార్లు తప్పు చోట కూడా విరుస్తారు. మా రెండవవాడిని ఇంట్లో అందరూ "రా బావు" అని పిలిచేవారు. ఏడాదిన్నర వయసులో వాడు ఎత్తుకోమని చేతులు చాచి నాయనమ్మను "రాబావు" అనేవాడు. పెరట్లో దూడనూ అలాగే పిలిచేవాడు. ఎప్పుడూ కలిసే వినబడింది కాబట్టి వాడి లెక్కలో అది ఒకే మాట. వాడిని ఎవరూ దిద్దలేదు. "బావు పడుకున్నాడు", "ఇలా రా" అన్నవి విడివిడిగా చెవిన పడుతూ ఉండగా ఆ రెండూ వాటంతట అవే విడిపోయాయి. ఒక మాటను ఒంటరిగా వంద సార్లు పలికించడం కంటే, అదే మాట పక్కన రకరకాల మాటలు చేరనివ్వడం మేలని నేను నమ్మడానికి కారణం ఇదే.

ఇక మీ అత్తగారి యాస గురించి. "ఏటి సేస్తన్నావమ్మా" అనే మాటకు తనదైన కచ్చితమైన క్రమం ఉంది. బిడ్డ చెవికి కావలసింది ఆ క్రమమే. పుస్తకాల తెలుగు బడిలో వస్తుంది, మేము నేర్పుతాం. ఫోను ఆ పని చేస్తుందని ఆశించకండి. 2003లో ప్యాట్రీషియా కుల్ బృందం తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనా మాండరిన్ వినిపించినప్పుడు, ఎదుట కూర్చుని ఆడించిన మనిషి దగ్గర విన్నవారు ఆ భాష ధ్వనుల తేడాను పట్టుకున్నారు. అవే మాటలను వీడియోలో చూసినవారు పట్టుకోలేదు. మీ అత్తగారు పాపను ఒడిలో కూర్చోబెట్టుకుని కళ్లలోకి చూస్తూ మాట్లాడుతున్నారంటే, దయచేసి ఆమెను ఆపకండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. పిలిచినా, వెనుక చప్పుడైనా పాప తల తిప్పకపోతే, లేదా "బబ", "దద" వంటి పలుకులు పది నెలలకు కూడా రాకపోతే, "వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి" అన్న మాట విని ఊరుకోకుండా ముందుగా వినికిడి పరీక్ష చేయించండి.