ముక్కు స్ప్రేలో స్టెరాయిడ్ ఉందని మానేశాను, చుక్కల మందు మాత్రం వదలలేకపోతున్నాను

ప్రశ్న: నా వయసు 36 ఏళ్లు. మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మిర్చి అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. నాలుగేళ్లుగా పొద్దున లేవగానే వరుస తుమ్ములు, నీళ్లలా ముక్కు కారడం, కళ్ల దురద, రాత్రయితే ముక్కు దిబ్బడ. డాక్టరు ఫ్లూటికాసోన్ స్ప్రే రాశారు. మూడు రోజులు వాడినా గుణం కనిపించలేదు, పైగా ఒకసారి నాలుగు చుక్కల రక్తం వచ్చింది. అందులో స్టెరాయిడ్ ఉందని తెలిసి మానేశాను. మెడికల్ షాపులో ఇచ్చిన జైలోమెటజోలిన్ చుక్కలు రెండు నెలలుగా వేసుకుంటున్నాను. ఇప్పుడు రాత్రికి మూడుసార్లు వేస్తే గానీ ఊపిరి ఆడటం లేదు. తొమ్మిదేళ్ల మా అబ్బాయికి కూడా ఇదే స్ప్రే రాశారు. వాడవచ్చా?

సమాధానం: మీ ఉత్తరంలో రెండు సీసాలున్నాయి. మీరు భయపడి పక్కన పెట్టినది సరిగ్గా వాడితే నెలల తరబడి వాడుకోదగినది. నమ్మి వాడుతున్నది అయిదు రోజులు దాటి వాడకూడనిది. ముందుగా చుక్కల మందు సంగతి చెబుతాను, ఎందుకంటే ప్రస్తుతం మీ రాత్రి నిద్రను చెడగొడుతున్నది చాలావరకు అదే.

జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ వంటి మందులు ముక్కు లోపలి రక్తనాళాలను నిమిషాల్లో కుదించి దారి తెరుస్తాయి కాబట్టి వాటి గుణం వెంటనే తెలుస్తుంది. అయితే రోజుల తరబడి వేస్తే, మందు ప్రభావం తగ్గగానే ఆ నాళాలు మునుపటి కంటే ఎక్కువగా ఉబ్బుతాయి, దిబ్బడ తిరిగి వస్తుంది, మళ్లీ చుక్కలు వేయాలనిపిస్తుంది. అలర్జీ ఒక జబ్బు, ఈ మందు తెచ్చిపెట్టిన దిబ్బడ దానిపైన మరో జబ్బు. రక్తపోటు ఉన్నవారికి ఇవి ఇంకా మంచివి కావు. వీటిని మానడానికి స్టెరాయిడ్ స్ప్రేను రెండు ముక్కు రంధ్రాల్లోనూ రోజూ మొదలుపెట్టి, చుక్కలను ముందు ఒక వైపు పూర్తిగా ఆపి, ఆ వైపు దారి తెరుచుకున్నాక రెండో వైపు ఆపడం ఒక పద్ధతి. మొదటి కొన్ని రాత్రులు కష్టంగానే గడుస్తాయి. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే మధ్యలో వదిలేయరు.

ఇక స్టెరాయిడ్ అనే మాట గురించి. ఊళ్లలో కొందరు కీళ్ల నొప్పికో ఆయాసానికో పేరు చెప్పకుండా ఇచ్చే బిళ్లల వల్ల ముఖం ఉబ్బడం, చక్కెర పెరగడం, ఎముకలు గుల్లబారడం చూసినవారికి ఆ మాట వింటేనే జంకు కలగడం సహజం. ఆ బిళ్ల ఒళ్లంతా తిరుగుతుంది. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ స్ప్రేలు ముక్కు పొరమీదే పనిచేస్తాయి. గొంతులోకి జారి మింగుడుపడిన భాగాన్ని కాలేయం దాదాపు మొత్తంగా విరిచేస్తుంది కాబట్టి రక్తంలోకి చేరేది వాడిన మోతాదులో నూటికి రెండు వంతుల కంటే తక్కువ. ఈ తరహా స్ప్రేలు 1970ల నుంచి వాడుకలో ఉన్నాయి, వీటికి ఒళ్లు అలవాటు పడటం ఉండదు. సీజన్‌కు ఒకటంటూ అలర్జీకి వేసే స్టెరాయిడ్ సూదిని మాత్రం వీటితో సమానంగా చూడకండి. అది నేను వద్దనే చెబుతాను.

మూడు రోజుల్లో గుణం కనిపించకపోవడం మందు లోపం కాదు. ఇది వాపును మెల్లగా తగ్గించే మందు, పూర్తి ఫలితానికి రోజూ వాడుతూ ఒకటి రెండు వారాలు ఆగాలి. తుమ్ములు వచ్చిన రోజు కొట్టుకుని, రానిరోజు మానేస్తే సీసా ఖాళీ అవుతుందే తప్ప ముక్కు కుదుటపడదు. పెద్దలకు 50 మైక్రోగ్రాముల ఫ్లూటికాసోన్ ప్రొపియోనేట్ స్ప్రేను సాధారణంగా ఒక్కో రంధ్రంలో రెండేసి సార్లు, రోజుకు ఒక పూట ఇస్తారు. అదుపులోకి వచ్చాక ఒక్కో రంధ్రంలో ఒకేసారికి తగ్గిస్తారు. మీ చీటీలో వేరే మోతాదు ఉంటే అదే పాటించండి.

రక్తం రావడానికి కారణం ఎక్కువమందిలో స్ప్రే కొట్టే తీరు. చాలామంది తల వెనక్కి వాల్చి, ముక్కు మధ్యనున్న దూలానికి గురిపెట్టి కొట్టి, గట్టిగా పైకి పీలుస్తారు. అప్పుడు మందు ఒకేచోట పడి పొర ఎండి చిట్లుతుంది, మిగిలింది గొంతులోకి జారిపోతుంది. ముందుగా ముక్కు చీది, సీసాను బాగా కదిలించండి. కొత్త సీసా అయితే సన్నని తుంపర వచ్చే వరకు గాలిలోకి కొన్నిసార్లు నొక్కండి. తల కాస్త ముందుకు వంచి, కుడి రంధ్రానికి ఎడమ చేత్తో, ఎడమ రంధ్రానికి కుడి చేత్తో సీసా పట్టుకుంటే మొన తనంతట తానే దూలానికి దూరంగా, ఆ వైపు చెవి దిక్కుకు తిరుగుతుంది. నొక్కేటప్పుడు నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. వెంటనే చీదకండి. రక్తం మళ్లీ వస్తే ఆ వైపు కొన్ని రోజులు ఆపి, ఉప్పునీటితో తడి ఉంచండి, తగ్గకపోతే దూలాన్ని డాక్టరుకు చూపించండి. ముక్కు కడిగే ఉప్పునీటికి కుళాయి నీళ్లు నేరుగా వాడకుండా, కాచి చల్లార్చినవే వాడాలి.

మీరు మిర్చి మార్కెట్లో పనిచేస్తున్నారు కాబట్టి ఒక మాట. మిర్చి ఘాటుకు తుమ్మడం అలర్జీ కాదు; అందులోని క్యాప్సైసిన్ నరాలను రేపడం వల్ల ఎవరికైనా తుమ్ములొస్తాయి, దాన్ని ఈ స్ప్రే ఆపలేదు, ముక్కూ నోరూ మూసే మంచి మాస్కే దానికి మందు. కానీ దుకాణానికి పోకముందే, పొద్దున పక్కమీదే తుమ్ములు మొదలవుతున్నాయంటే పరుపు, దిండులోని దుమ్ము పురుగులను అనుమానించాలి. మార్కెట్ బందున్న రోజుల్లో ఎలా ఉంటుందో గమనించి రాసుకోండి. వానలు పడ్డాక పొలం గట్ల మీద, రైలు పట్టాల పక్కన పెరిగే వయ్యారిభామ, అంటే మీ వైపు కాంగ్రెస్ గడ్డి అని పిలిచే మొక్క పుప్పొడి కూడా చాలామందిలో ఇదే బాధ తెస్తుంది.

మీ అబ్బాయికి డాక్టరు రాశారు కాబట్టి వాడవచ్చు, అయితే పిల్లల మోతాదు తక్కువ, అతని సీసా వేరుగా ఉండాలి. ఎక్కువ నెలలు వాడితే పిల్లల ఎదుగుదల కొద్దిగా మందగించే అవకాశం ఉన్నందున, పని చేసే అతి తక్కువ మోతాదుకు దించుతూ, కొన్ని నెలలకోసారి ఎత్తు కొలిచి రాసిపెట్టుకోవాలి. ఆయాసం, పిల్లికూతలు ఉన్నాయేమో కూడా చూడండి. ముక్కు అలర్జీ, ఉబ్బసం తరచుగా కలిసే ఉంటాయి.

నీటికాసులు లేదా కంటి శుక్లం ఉన్నవారు, ఇటీవల ముక్కుకు ఆపరేషనో దెబ్బో అయినవారు ముందే ఆ సంగతి చెప్పాలి. హెచ్‌ఐవీకి రిటోనవిర్ ఉన్న మందులు, ఫంగస్‌కు ఇట్రాకోనజోల్ లేదా కీటోకోనజోల్ వాడేవారు మరీ ముఖ్యంగా చెప్పాలి, ఎందుకంటే ఆ మందులు కాలేయం చేసే పనిని అడ్డుకుని, ముక్కులో కొట్టిన ఫ్లూటికాసోన్‌ను కూడా ఒంట్లో పేరుకునేలా చేస్తాయి.

ముక్కు ఎప్పుడూ ఒకే వైపు మూసుకుపోవడం, ఒకే వైపు నుంచి రక్తమో దుర్వాసనతో చీమో రావడం, వాసన తెలియకపోవడం, జ్వరంతో ముఖం నొప్పి ఉంటే స్ప్రేతో కాలం గడపకుండా నాందేడ్‌లోనో నిజామాబాద్‌లోనో చెవి ముక్కు గొంతు డాక్టరును కలవండి. అవేవీ లేకున్నా, నాలుగు వారాలు క్రమం తప్పకుండా వాడినా మార్పు లేకపోతే కలవండి. వెళ్లేటప్పుడు రెండు సీసాలూ వెంట తీసుకెళ్లి, స్ప్రే ఎలా కొట్టుకుంటున్నారో వారి ముందే ఒకసారి చేసి చూపించండి.