నెలసరి తప్పే వరకు ఆగవద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 27 ఏళ్లు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉందని అవాంఛిత రోమాలకు స్పైరనోలాక్టోన్, నెలసరి కోసం గర్భనిరోధక మాత్రలు, వాటితో పాటు మెట్‌ఫార్మిన్ రాశారు. పిల్లల కోసమని మూడు నెలల క్రితం గర్భనిరోధక మాత్రలు మానేసి, మిగతా రెండూ వాడుతున్నాను. షుగర్ లేనిదానికి షుగర్ మాత్రలెందుకు, అన్నీ ఆపేయమని మా అత్తగారు అంటున్నారు. ఇదే సమస్య ఉన్న మా అక్కకు లెట్రోజోల్ రాస్తే, అది క్యాన్సర్ మందని మందుల షాపులో చెప్పారట. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందుగా ఇంట్లోనే గర్భనిర్ధారణ పరీక్ష చేసుకోండమ్మా. ఫలితం ఏదైనా స్పైరనోలాక్టోన్‌ను ఈరోజే ఆపి, రాసిన డాక్టరుకు తెలియజేయండి. ఈ మందు పురుష హార్మోన్ల పనిని అడ్డుకోవడం వల్లే రోమాలు తగ్గుతాయి. కడుపులో ఉన్నది మగ శిశువైతే, జననాంగాలు రూపుదిద్దుకునే తొలి నెలల్లో అదే గుణం హాని చేయవచ్చని జంతువులపై జరిపిన ప్రయోగాలు సూచిస్తున్నాయి. దానికి తోడుగా గర్భనిరోధక మాత్రలు రాసేది నెలసరి కోసమే కాదు, ఆ మందు వాడినంతకాలం గర్భం రాకుండా ఉండేందుకు కూడా. మీరు కాపలాగా ఉన్న మాత్రను మానేసి, కాపలా అవసరమైన మాత్రను కొనసాగించారు. ఈ సంగతి చీటీ రాసిన రోజే చెప్పవలసింది. పైగా పీసీఓఎస్‌లో రెండు మూడు నెలలు నెలసరి రాకపోవడం మామూలే కనుక, గర్భం వచ్చినా ఆలస్యంగా గానీ తెలియదు. డాక్టరు సరేననే వరకు కండోమ్ వాడండి.

మెట్‌ఫార్మిన్‌ను మాత్రం సొంతంగా మానవద్దు. ఇన్సులిన్ సరిగా పనిచేయక శరీరం దాన్ని ఎక్కువగా తయారు చేసినప్పుడు అండాశయాల్లో పురుష హార్మోన్లు పెరుగుతాయి. షుగర్ లేకపోయినా ఈ మాత్ర రాసేది అందుకే. దీనితో కొందరిలో అండం విడుదల తిరిగి మొదలవుతుంది. గర్భం వచ్చాక కొనసాగించాలా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. దీర్ఘకాలం వాడితే విటమిన్ బీ12 తగ్గవచ్చు. శాకాహారులైతే పరీక్ష చేయించుకోవడం మంచిది. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారు కనుక, రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్‌ను ఇప్పుడే మొదలుపెట్టండి.

లెట్రోజోల్ రొమ్ము క్యాన్సర్‌కు వాడే మందేనన్నది నిజం. మన దేశంలో సంతానలేమి చికిత్సకు దాన్ని వాడకూడదని 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. పీసీఓఎస్ ఉన్నవారిలో అండం విడుదలకు నేడు మొదట ఎంచుకునే మందు అదే. గర్భం లేదని నిర్ధారించుకున్నాక, నెలసరి తొలి రోజుల్లో సాధారణంగా ఐదు రోజులే ఇస్తారు కనుక, గర్భం నిలిచే నాటికి చాలామటుకు శరీరం నుంచి వెళ్లిపోతుంది.

మీరు రాయలేదు గానీ, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ కూడా వాడుతుంటే అది మరింత ప్రమాదకరం; దాన్ని ఆపాక కనీసం ఒక నెల గడిచే వరకు గర్భం రాకూడదు.